ఎలక్ట్రానిక్ తుక్కు వ్యాపారం: లోహం ఎవరికి, ఖర్చు ఎవరికి?

ఇంట్లో కాలిపోయిన మిక్సీనో, తెర పగిలిన ఫోన్‌నో పాత సామాన్లు కొనే అతనికి వేస్తే ఎదురు డబ్బులిస్తాడు. తడి చెత్త, పొడి చెత్త తీసుకెళ్లినందుకు మునిసిపాలిటీకి మనం కట్టాలి. ఈ చెత్తకు మాత్రం మనకే వస్తుంది. జపాన్‌లో ఇది తిరగబడి ఉంటుంది. అక్కడ పాత ఫ్రిజ్, టీవీ, ఏసీ, వాషింగ్ మెషీన్ వదిలించుకోవాలంటే ఇంటివాళ్లే రీసైక్లింగ్ రుసుం చెల్లించాలి. 2001 నుంచి అమల్లో ఉన్న చట్టం అది.

భారతదేశంలో ఎలక్ట్రానిక్ తుక్కు వ్యాపారాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క తేడా చాలావరకు సరిపోతుంది. ఇక్కడ పాడైన వస్తువు సరుకు. సరుకు ఎప్పుడూ ఎక్కువ ధర ఇచ్చేవాడి దగ్గరికే పోతుంది. పొగ గొట్టానికి ఫిల్టర్లు పెట్టి, యాసిడ్ నీటిని శుద్ధి చేసి, కార్మికులకు పీఎఫ్ కట్టే ఫ్యాక్టరీ ఎప్పుడూ ఎక్కువ ధర ఇవ్వలేదు. అవేవీ చేయనివాడు ఇవ్వగలడు. పదిహేనేళ్లుగా కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనలన్నీ ఏదో ఒక రూపంలో ఈ తేడాతో కుస్తీ పడుతున్నవే.

రెండు లెక్కలు

ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో విడుదల చేసిన గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తేలాయి. అందులో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు రికార్డుల్లో ఉన్నది 22.3 శాతమే. 2030 నాటికి మొత్తం 8.2 కోట్ల టన్నులకు చేరుతుందని అంచనా. 2022 నాటి వ్యర్థాల్లో ఉన్న లోహాల విలువను 9,100 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. అందులో రాగి 1,900 కోట్లు, ఇనుము 1,600 కోట్లు, బంగారం 1,500 కోట్ల డాలర్లు. అందరూ మాట్లాడేది బంగారం గురించే అయినా మొత్తం విలువలో రాగిదే పెద్దపీట.

భారత్ వాటా ఎంత అన్నదగ్గర లెక్కలు రెండుగా చీలతాయి. మానిటర్ చెప్పేది ఏడాదికి దాదాపు 41 లక్షల టన్నులు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021-22కు చెప్పింది 16 లక్షల టన్నులు. ఈ తేడాలో దాచిపెట్టిందేమీ లేదు. మండలి అప్పటి నిబంధనల్లో ఉన్న 21 రకాల వస్తువులనే, కంపెనీల అమ్మకాల వివరాల నుంచి లెక్కగట్టింది. మానిటర్ ప్లగ్గు లేదా బ్యాటరీతో నడిచే దాదాపు ప్రతి వస్తువునూ కలుపుకుంటుంది. పత్రికల్లో ఈ రెండు అంకెలూ పక్కపక్కనే కనిపిస్తుంటాయి కాబట్టి ఏది దేని లెక్కో చూసుకోవడం మంచిది.

మండలి లెక్కలోనే అసలు విషయం బయటపెట్టే అంకెలు మరో రెండున్నాయి. 2022 నాటికి దేశంలో అనుమతి పొందిన రీసైక్లర్లు, విడదీసే కేంద్రాలు కలిపి 472 ఉండేవి. వాటన్నిటి వార్షిక సామర్థ్యం 14.26 లక్షల టన్నులు. 2021-22లో అవి నిజంగా శుద్ధి చేసింది 5.27 లక్షల టన్నులు. అంటే యంత్రాలున్నాయి, కరెంటుంది, లైసెన్సులున్నాయి. మూడింట రెండొంతుల దాకా ఖాళీగా ఉండిపోయాయి. తుక్కు లేక కాదు, అది వాటి దాకా రాక.

చేతులు మారే దారి

వీధిలో తిరిగి కొనేవాళ్ల నుంచి సరుకు పేటలోని తుక్కు కొట్టుకు చేరుతుంది. అక్కడ తూకం వేసి వేరుచేస్తారు: ఇనుము ఒక కుప్ప, ప్లాస్టిక్ ఒక కుప్ప, వైర్లు ఒకటి, బోర్డులు ఒకటి. కొట్టు నుంచి ఊళ్లో పెద్ద వ్యాపారికి, అక్కడి నుంచి లారీల్లో ఉత్తరాదికి. ఆఫీసుల తుక్కుది వేరే దారి. బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు, ఐటీ కంపెనీలు పాత కంప్యూటర్లను టోకున వేలం వేస్తాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ పోర్టల్‌లోనూ ఇలాంటి వేలాలు నడుస్తాయి. అనుమతి ఉన్నవారికే అమ్మాలన్నది నిబంధన. కానీ వేలం అన్నాక ఎక్కువ పాడినవాడిదే సరుకు. అది అతని గేటు దాటాక ఎటు పోయిందో చూసేవాళ్లు తక్కువ.

బోర్డు అంటే ఒకటే రకం కాదు. ఈ వ్యాపారంలో చెయ్యి తిరిగినవాళ్లు బోర్డును చూసి, రంగును బట్టి, అంచులను బట్టి గ్రేడు చెప్పేస్తారు. పాత టీవీలు, రేడియోల్లోని గోధుమరంగు బోర్డులు అడుగు రకం. కంప్యూటర్ మదర్‌బోర్డులు వాటికంటే మేలు. మొబైల్ బోర్డులు, బంగారు పూత అంచులున్న ర్యామ్ కార్డులు, పాత సెరామిక్ ప్రాసెసర్లు పై రకం. సెరామిక్ ప్రాసెసర్ల పేరు చెబితే తుక్కు బజారులో ఇప్పటికీ కళ్లు మెరుస్తాయి. ఆ కాలంలో తయారీదారులు బంగారం ధారాళంగా వాడారు. ఇప్పటి చిప్పుల్లో పూత పలచబడింది, చాలాచోట్ల బంగారు తీగ స్థానంలో రాగి వచ్చింది. కొత్త తుక్కు పాత తుక్కంత బలమైనది కాదు.

అయితే కరిగించడం ఈ దారిలో ఆఖరి మెట్టు. అంతకు ముందు మరో వ్యాపారం ఉంది, దాని గురించి విధాన పత్రాల్లో పెద్దగా కనిపించదు. ఢిల్లీ నెహ్రూ ప్లేస్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్, సికింద్రాబాద్ సీటీసీ, హైదరాబాద్ జగదీష్ మార్కెట్ వంటి చోట్ల రిపేరు దుకాణాలకు విడిభాగాలు కావాలి. చచ్చిన ఫోన్‌లో బతికున్న కెమెరా ఉంటుంది, పగిలిన ల్యాప్‌టాప్‌లో మంచి హార్డ్‌డిస్క్ ఉంటుంది. బోర్డు మీది చిప్పును వేడిగాలితో ఊడదీసి, కింద టంకపు గుళ్లు మళ్లీ అతికి ఇంకో బోర్డుకు ఎక్కిస్తారు. పనిచేసే చిప్పుగా అమ్మితే వచ్చే డబ్బు, అదే చిప్పును లోహంగా అమ్మితే రాదు. వీధి వ్యాపారి ఒకే వస్తువును రెండుసార్లు అమ్ముకుంటాడు, మొదట భాగాలుగా, మిగిలింది లోహంగా. వస్తువును గుత్తగా ముక్కలు చేసే యంత్రంలో వేసే ఫ్యాక్టరీకి మొదటి ఆదాయం లేదు. కాబట్టి అసంఘటిత రంగం గెలుపంతా కాలుష్యం చేసి గెలిచినదే అనడం సగం నిజం. మిగతా సగం పనితనం.

ఢిల్లీ ఈశాన్యంలోని సీలంపూర్ దేశంలోనే అతి పెద్ద విడదీత బజార్లలో ఒకటి. గల్లీ పొడవునా ఒక ఇంటి ముందు కీబోర్డులు, పక్కింటి ముందు పవర్ సప్లైలు, ఆ తర్వాత ఇంటి ముందు మోటార్ల రాగి చుట్టలు, ఇలా ఎవరి పని వారిది. పనిముట్లు సుత్తి, స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్. ఆడవాళ్లు, పిల్లలు కూడా ఈ పనిలో ఉంటారు. యాసిడ్ పని సీలంపూర్‌లో కాదు, ఊరి అంచుల్లో జరిగేది. ఒకప్పుడు మండోలీ దానికి పేరుమోసింది. దాడులు పెరిగేకొద్దీ పని రాష్ట్ర సరిహద్దు దాటి ఘాజియాబాద్ జిల్లా లోనీ వైపు జరిగింది. టాక్సిక్స్ లింక్ సంస్థ 2014లో ప్రచురించిన అధ్యయనంలో మండోలీ, లోనీ రెండు చోట్లా నేలను, నీటిని పరీక్షించి సీసం వంటి భార లోహాలు ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉన్నట్టు చెప్పింది. అధికారులు దాడి చేస్తే బట్టీ పోయేది పక్క జిల్లాకే అన్నది ఇక్కడ పదే పదే రుజువైంది.

ఇత్తడి ఊరిలో నల్ల బూడిద

బోర్డుల ప్రయాణంలో పేరున్న మజిలీ ఉత్తరప్రదేశ్‌లోని మురాదాబాద్. ఆ ఊరి పాత పేరు ‘పీతల్ నగరి’, అంటే ఇత్తడి నగరం. తరాలుగా అక్కడ లోహం కరిగించడం, పోత పోయడం ఇంటింటి విద్య. ఇత్తడి ఎగుమతులు ఒడిదుడుకుల్లో పడ్డప్పుడు, కొలిమి తెలిసిన చేతులకు కంప్యూటర్ బోర్డు కొత్త ముడిసరుకైంది. రాగి ఎక్కడున్నా రాగే.

పని ఇలా సాగుతుంది. బోర్డును పొయ్యి మీద వేడిచేసి టంకం కరిగాక దాని మీది భాగాలు దులిపేస్తారు. టంకంలో సీసం, తగరం ఉంటాయి, ఆ ఆవిరి పీల్చేది దులిపే మనిషే. బోడి బోర్డులను డ్రమ్ముల్లోనో, ఆరుబయటో కాలుస్తారు. మంటలు అంటుకోకుండా బోర్డు ప్లాస్టిక్‌లో కలిపే బ్రోమిన్ రసాయనాలు అలా కాల్చినప్పుడు డయాక్సిన్లు, ఫ్యూరాన్లుగా మారతాయి. పీవీసీ తొడుగున్న వైర్లను కాల్చినా డయాక్సిన్లే. మిగిలిన బూడిదను మరలో మెత్తగా ఆడించి, నీళ్లలో కడిగి, బరువైన లోహపు పొడిని తేలికైన బూడిద నుంచి వేరుచేస్తారు. కడిగిన నీళ్లు రామ్‌గంగా నదికి. నల్ల బూడిద నది ఒడ్డుకు.

బంగారం ఉన్న ముక్కలకు యాసిడ్. ఒక వంతు నత్రికామ్లం, మూడు వంతుల హైడ్రోక్లోరికామ్లం కలిపితే బంగారాన్ని కరిగించే ద్రవరాజం తయారవుతుందని పాఠశాల రసాయనంలో అందరూ చదివిందే. చదవనిది ఏమిటంటే, దాన్ని ప్లాస్టిక్ టబ్బులో, చేతి తొడుగులు లేకుండా, వెంటిలేటర్ లేని గదిలో చేస్తారని. టబ్బు మీద లేచే గోధుమరంగు పొగ ఊపిరితిత్తులను దెబ్బతీసే నైట్రోజన్ డయాక్సైడ్.

సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2015లో మురాదాబాద్ నేల, నది నీటి నమూనాలను పరీక్షించి భార లోహాలు పరిమితులకు మించి ఉన్నాయని నివేదించింది. జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా రామ్‌గంగా ఒడ్డున ఈ బూడిద కుప్పల మీద విచారణ జరిపింది. 2017లో, నది ఒడ్డున ప్రమాదకర వ్యర్థాలు పారబోసినవారి నుంచి లక్ష రూపాయలు పర్యావరణ పరిహారంగా వసూలు చేయాలని ఆదేశించింది.

సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందనీ, ఇంత మేరకు పర్లేదు అనే హద్దు దానికి లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అదే సంస్థ 2021లో ఎలక్ట్రానిక్ వ్యర్థాలు, పిల్లల ఆరోగ్యం మీద ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 1.29 కోట్ల మంది మహిళలు అసంఘటిత వ్యర్థాల రంగంలో పనిచేస్తున్నారు. మురాదాబాద్ బోర్డు ధరలో కనిపించని ఖర్చు ఇదే. దాన్ని కట్టేది బోర్డు అమ్మినవాడూ కాదు, కొన్నవాడూ కాదు.

టన్ను ఫోన్లలో ఎంత బంగారం?

ఈ వ్యాపారం గురించి చెప్పేటప్పుడు తప్పకుండా వినిపించే లెక్క ఒకటుంది. బ్యాటరీ తీసేసిన టన్ను మొబైల్ ఫోన్లలో సుమారు 340 గ్రాముల బంగారం, 3.5 కిలోల వెండి, 140 గ్రాముల పల్లాడియం, 130 కిలోల రాగి ఉంటాయి. ఇది ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2009 నివేదికలోని అంకె, ఆనాటి ఫోన్లది. 2001లో మూతపడిన కోలార్ బంగారు గనుల్లో చివరి రోజుల్లో టన్ను రాయి పగలగొడితే కొద్ది గ్రాములే వచ్చేది. పోలిక చూస్తే ఫోన్ల కుప్ప బంగారు కొండలా కనిపిస్తుంది. కానీ గనిలో రాయి ఒకేచోట ఉంటుంది. టన్ను ఫోన్లంటే దాదాపు పది వేల ఫోన్లు, పది వేల ఇళ్లలో, పది వేల సొరుగుల్లో. వాటిని ఒకచోటికి చేర్చడమే అసలు ఖర్చు. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ దేశమంతా తిరిగి దాదాపు 79 వేల టన్నుల చిన్న పరికరాలు, 62 లక్షల ఫోన్లు సేకరించింది. వాటి నుంచి తీసిన బంగారం 32 కిలోలు.

లోహం తీయడానికి ఫ్యాక్టరీల ముందు రెండు దారులు. ఒకటి బట్టీ దారి. బోర్డులను అధిక ఉష్ణోగ్రతలో కరిగించి, రాగి ముద్దలోకి విలువైన లోహాలను లాగి, తర్వాత ఒక్కొక్కటీ వేరుచేయడం. బెల్జియంలో యుమికోర్, స్వీడన్‌లో బొలిడెన్, జర్మనీలో ఔరుబిస్, జపాన్‌లో డోవా ఈ పనిలో పేరున్నవి. ఇలాంటి బట్టీకి వేల కోట్ల పెట్టుబడి, ఏడాది పొడవునా ఆగని సరుకు కావాలి. రెండోది రసాయన దారి. బోర్డులను పొడిచేసి, మూసిన ట్యాంకుల్లో ద్రావణాలతో లోహాలను కరిగించి, విద్యుత్తుతో తిరిగి రాబట్టడం. పెట్టుబడి తక్కువ, మురికినీటి శుద్ధి ఖర్చు ఎక్కువ.

దేశంలో అనుమతులతో ఈ రంగంలోకి ముందుగా వచ్చినవాటిలో బెంగళూరు శివారు దాబస్‌పేటలోని ఈ-పరిసర ఒకటి, 2005లో మొదలైంది. రూర్కీ దగ్గర అటెరో 2008లో స్థాపించారు. హైదరాబాద్ చర్లపల్లిలోని కేంద్ర పరిశోధన సంస్థ సీ-మెట్ బోర్డుల నుంచి లోహాలు రాబట్టే దేశీయ పద్ధతిని అభివృద్ధి చేసింది. అయినా అనుమతి ఉన్నవాటిలో చాలా కేంద్రాలు చేసేది విడదీయడం, ముక్కలు చేయడం, ఇనుము, అల్యూమినియం, ప్లాస్టిక్ వేరుచేయడం వరకే. విలువ ఉన్న బోర్డులు తరచూ విదేశీ బట్టీలకు ఎగుమతి అవుతాయి. ‘రీసైక్లర్’ అనే బోర్డు తగిలించుకున్న ప్రతి ఫ్యాక్టరీ లోహం తీసేది కాదన్నమాట.

తెలుగు రాష్ట్రాలకు ఈ కథలో పాత చోటే ఉంది. 2005లో కాలుష్య నియంత్రణ మండలి మొదటిసారి దేశవ్యాప్త అంచనా వేసినప్పుడు మొత్తం సుమారు 1.47 లక్షల టన్నులు తేలితే, మహారాష్ట్ర, తమిళనాడు తర్వాత మూడో స్థానం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. హైదరాబాద్ ఐటీ దానికి ముఖ్య కారణం.

నిబంధనలు మూడుసార్లు మారాయి

అమెరికాకు చెందిన రెండు సంస్థలు 2002లో ‘ఎక్స్‌పోర్టింగ్ హార్మ్’ అనే నివేదికలో సంపన్న దేశాల కంప్యూటర్ తుక్కు చైనా, భారత్, పాకిస్తాన్‌లకు ఎలా చేరుతోందో బయటపెట్టాయి. మరుసటి ఏడాది టాక్సిక్స్ లింక్ ఢిల్లీ గురించి రాసింది. అప్పట్లో చర్చంతా దిగుమతి తుక్కు మీదే. 2011లో మొదటి ప్రత్యేక నిబంధనలు వచ్చి 2012 మే 1 నుంచి అమలయ్యాయి. వస్తువు తయారుచేసి అమ్మినవాడే దాని చివరి మజిలీకి కూడా బాధ్యుడు అన్న సూత్రం వాటితో ప్రవేశించింది, కానీ ఎంత సేకరించాలో అంకె లేదు. 2016 నిబంధనలు లక్ష్యాలు పెట్టాయి. కంపెనీల తరఫున సేకరించే మధ్యవర్తి సంస్థలు పుట్టుకొచ్చాయి. సేకరణ కాగితాల మీద పెరిగింది.

2022 నవంబరులో ప్రకటించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనలు లెక్కనే మార్చేశాయి. వస్తువుల జాబితా 21 నుంచి 106కు పెరిగింది. ఎంత సేకరించావు అని కాక, ఎంత రీసైకిల్ అయింది అని అడుగుతున్నాయి. కంపెనీ గతంలో అమ్మిన సరుకులో, దాని సగటు ఆయుష్షు తీరిందనుకున్న మేరకు 2023-24, 2024-25లలో 60 శాతం, తర్వాతి రెండేళ్లు 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం రీసైకిల్ చేయించాలి. స్వయంగా చేయనక్కరలేదు. నమోదైన రీసైక్లర్ తాను తీసిన లోహం ఆధారంగా పోర్టల్‌లో సర్టిఫికెట్లు పొందుతాడు, కంపెనీ వాటిని కొనుక్కుంటుంది. సర్టిఫికెట్లు నాలుగు లోహాలకు: బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము.

ఆలోచన తెలివైనదే. వీధి ధరకూ ఫ్యాక్టరీ భరించగల ధరకూ మధ్య లోటును కంపెనీల డబ్బుతో పూడ్చడం దీని ఉద్దేశం. అయితే ఇందులో రెండు చిల్లులున్నాయి. మొదటిది, నమోదు వర్గాలు నాలుగే: తయారీదారు, ఉత్పత్తిదారు, రిపేరు చేసి తిరిగి అమ్మేవారు, రీసైక్లర్. విడదీసే కేంద్రాలకు, సేకరణ కేంద్రాలకు పాత నిబంధనల్లో ఉన్న గుర్తింపు పోయింది. సీలంపూర్ గల్లీకి చట్టంలోకి రావడానికి ఉన్న చిన్న గుమ్మం కూడా మూసుకుపోయినట్టే. రెండోది, సర్టిఫికెట్ అనేది కాగితం. బజారులో కొన్న రాగిని తుక్కు నుంచి తీసిన రాగిగా చూపితే కనిపెట్టడానికి గట్టి ఆడిట్ కావాలి. ప్లాస్టిక్ వ్యర్థాలకు ఇలాంటి పద్ధతే పెట్టినప్పుడు 2023లో నాలుగు సంస్థలు 6 లక్షలకు పైగా బూటకపు సర్టిఫికెట్లు పుట్టించినట్టు కేంద్ర మండలి తనిఖీల్లోనే బయటపడింది.

కిలోకు 22 రూపాయలు

సర్టిఫికెట్ ధర ఎంత ఉండాలి? మొదట బజారుకు వదిలేశారు. కొనే కంపెనీలు కొద్ది, పెద్దవి. అమ్మే రీసైక్లర్లు వందల్లో, చిన్నవారు. ఇలాంటి బజారులో ధర ఎటు పోతుందో ఊహించడానికి అర్థశాస్త్రం అక్కర్లేదు. ధర మరీ పడిపోతే అసలు పని చేసే రీసైక్లర్ కంటే కాగితం అమ్మేవాడికే గిట్టుబాటవుతుంది. దాంతో 2024లో కేంద్రం కనిష్ఠ, గరిష్ఠ ధరలు పెట్టింది. లక్ష్యం చేరని కంపెనీ కట్టాల్సిన పర్యావరణ పరిహారంలో 30 శాతం కనిష్ఠం, 100 శాతం గరిష్ఠం. ఆ లెక్కన గృహోపకరణాల వంటి వినియోగ వస్తువులకు కిలోకు కనీసం 22 రూపాయలు, స్మార్ట్‌ఫోన్లకు 34 రూపాయలు వచ్చాయి.

ఏసీలు, ఫ్రిజ్‌లు అమ్మే కంపెనీలు భగ్గుమన్నాయి. వాటి వస్తువులు బరువైనవి, కిలోకు 22 అంటే బిల్లు పెద్దది. డైకిన్, హావెల్స్, వోల్టాస్, బ్లూ స్టార్, ఎల్‌జీ, శాంసంగ్ వంటివి 2025 నాటికి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. రెండు ప్రైవేటు పక్షాల మధ్య ధరను ప్రభుత్వం నిర్ణయించడమేమిటని, ఇది తమ మీద మోయలేని భారమని వాటి వాదన. ధర సహేతుకమేనని, కనిష్ఠం లేకపోతే సంఘటిత రంగం నిలబడదని ప్రభుత్వ వైఖరి.

కంపెనీల వాదనలో తీసిపారేయలేని మాట ఒకటుంది. ఆ 22 రూపాయలు రీసైక్లర్ చేతికి వెళ్లినంత మాత్రాన వీధి వ్యాపారికి ఎక్కువ ధర అందుతుందన్న హామీ నిబంధనల్లో ఎక్కడా లేదు. అయినా వివాదాన్ని కంపెనీలు, రీసైక్లర్ల తగువుగా మాత్రమే చూస్తే తప్పు. ఇప్పటిదాకా ఏసీ ధరలో చేరని ఖర్చు రామ్‌గంగా ఒడ్డున ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో చేరుతూ వచ్చింది. అది వస్తువు ధరలోకి రావాలా వద్దా అన్నదే కోర్టు ముందున్న 22 రూపాయల అసలు అర్థం. వస్తే కొంత కొనుగోలుదారు మీద కూడా పడుతుంది, ఆ మాట కంపెనీలు చెప్పకపోయినా.

ఎవరూ కోరని తుక్కు

లోహం ఉన్నదాని కోసం పోటీ. లోహం లేనిదాన్ని ఎవరు తీసుకోవాలి? పాత డబ్బా టీవీల పిక్చర్ ట్యూబు గాజులో కిలోల లెక్కన సీసం ఉంటుంది. ఒకప్పుడు ఆ గాజుతో మళ్లీ ట్యూబులే చేసేవారు, ఇప్పుడు ట్యూబులే లేవు. రాగి చుట్ట ఊడదీసుకుని గాజును పారేయడమే సాధారణ పద్ధతి. ట్యూబులైట్లలో పాదరసం, పాత ఫ్రిజ్‌ల నురుగులో ఓజోన్‌ను తినే వాయువులు. వీటిని సరిగ్గా శుద్ధి చేస్తే ఆదాయం లేదు, ఖర్చే. నాలుగు లోహాలకే సర్టిఫికెట్లిచ్చే పద్ధతి ఈ రకం తుక్కును పట్టించుకునేలా ఎవరినీ పురిగొల్పదు.

సోలార్ ప్యానెళ్లు రాబోయే కుప్ప. 2022 నిబంధనలు వాటిని జాబితాలో చేర్చాయి గానీ, 2034-35 దాకా వచ్చే వ్యర్థాలను భద్రపరచమని మాత్రమే చెప్పాయి. ఎండ దండిగా ఉండి పెద్ద సోలార్ పార్కులున్న అనంతపురం, కర్నూలు వంటి జిల్లాలకు ఇది దూరపు సంగతి కాదు. బ్యాటరీలకు 2022లోనే వేరే నిబంధనలు వచ్చాయి.

ఈ మధ్య ప్రభుత్వ ఆసక్తిని పెంచింది కాలుష్యం కంటే ఖనిజాల కొరత. ఫోన్‌లోని కోబాల్ట్, హార్డ్‌డిస్క్ అయస్కాంతంలోని నియోడిమియం వంటివాటికి భారత్ దిగుమతుల మీదే ఆధారపడుతోంది. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం కీలక ఖనిజాలను తుక్కు నుంచి రాబట్టేవారికి రూ.1,500 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. ఈ-వ్యర్థాలు, లిథియం అయాన్ బ్యాటరీలు దాని పరిధిలోకి వస్తాయి.

సరిహద్దు దాటే సరుకు

పారవేయడానికి ఎలక్ట్రానిక్ వ్యర్థాలు దిగుమతి చేసుకోవడం 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద భారత్‌లో నిషిద్ధం. చిక్కంతా ‘వాడిన వస్తువు’కూ ‘వ్యర్థం’కూ మధ్య గీత ఎక్కడన్నదే. కంటెయినర్‌లో వచ్చిన పాత కాపియర్ పనిచేస్తుందో లేదో రేవులో తేల్చడం కష్టం. ప్రమాదకర వ్యర్థాల రవాణా మీద 1989లో కుదిరిన బాసెల్ ఒప్పందాన్ని సవరించి, 2025 జనవరి 1 నుంచి ప్రమాదకరమైనా కాకపోయినా ప్రతి ఎలక్ట్రానిక్ వ్యర్థానికీ దిగుమతి దేశం ముందస్తు సమ్మతి తప్పనిసరి చేశారు. స్విట్జర్లాండ్, ఘనా కలిసి తెచ్చిన ప్రతిపాదన అది. కరాచీలోని షేర్ షా బజారుకు ఏళ్లుగా వస్తున్న పాత కంప్యూటర్ల మీద దీని ప్రభావం చూడాలి. బంగ్లాదేశ్ 2021లో సొంత ఈ-వ్యర్థాల నిబంధనలు తెచ్చుకుంది. అక్కడా భారత్‌లో లాగే పని చేతులు మారేది చిన్న కొట్లలోనే.

ఇలాంటి కొట్లను ఏం చేయాలన్నదానికి చైనా ఒక జవాబు ఇచ్చింది. ప్రపంచ ఈ-వ్యర్థాల రాజధానిగా పేరుమోసిన గ్వీయూ పట్టణంలో ఇళ్ల మధ్య ఉన్న వర్క్‌షాపులను 2015లో ఒక పారిశ్రామిక పార్కులోకి తరలించారు, బయట కాల్చడాన్ని అణిచివేశారు. ఢిల్లీ ప్రభుత్వం హోలంబీ కలాన్‌లో 11.4 ఎకరాల్లో ఈ-వ్యర్థాల పార్కు ప్రతిపాదించింది. 2022 నిబంధనలు కూడా విడదీత, రీసైక్లింగ్ కోసం పారిశ్రామిక స్థలం కేటాయించాలని, ఈ పనిలో ఉన్నవారిని గుర్తించి నమోదు చేసి శిక్షణ ఇవ్వాలని రాష్ట్రాలకు బాధ్యత అప్పగించాయి. పరిశ్రమల శాఖ స్థలం చూడాలి, కార్మిక శాఖ మనుషులను లెక్కించాలి.

సీలంపూర్‌లో విడదీసేవాళ్లది రోజు కూలీ లేదా కిలో లెక్క. గల్లీ నుంచి పార్కు దాకా బస్సు చార్జీ, అక్కడ షెడ్డు అద్దె, పని దొరకని రోజుల తిండి ఎవరు చూస్తారన్నది వాళ్ల ప్రశ్న. కంపెనీలు కట్టే 22 రూపాయల్లో అందుకోసం విడిగా పెట్టిన పైసా ఏదీ లేదు.